కారుకంటే బరువైన అక్క

పిల్లలూ, ఒక సంగతి చెప్పండి చూద్దాం. కారులో పెడల్ నొక్కేది ఒక్క కాలు. ఆగాల్సినవి నాలుగు చక్రాలు. "ఆగండి" అన్న మాటను కాలి దగ్గర్నుంచి చక్రాల దాకా ఎవరు మోసుకెళ్తారు?

తీగ కాదు. గొలుసూ కాదు. పాత కార్లలో మోసేది సన్నని గొట్టాల నిండా ఉండే ఒక ద్రవం. నీళ్ళ సంచీని ఈ మూల నొక్కితే ఆ మూల ఉబ్బదూ? అలాగే పెడల్ దగ్గర నొక్కితే అది చక్రం దగ్గర తోస్తుంది. ప్రతి చక్రం లోపలా బొటనవేలంత సిలిండరు ఉంటుంది, అందులో పావలా కాసంత రబ్బరు కప్పులు ఉంటాయి. ద్రవం కప్పుల్ని తోస్తుంది. కప్పులు బ్రేక్ షూలనే వంపు ఇనప రెక్కలను తోస్తాయి. షూలు వెళ్ళి చక్రంతోపాటు తిరుగుతున్న డ్రమ్ముని లోపలినుంచి ఒరుసుకుంటాయి. చక్రం ఆగుతుంది. అంత పెద్ద కారూ చివరికి ఆగేది ఆ పావలా కాసంత రబ్బరు మీద. ఇది గుర్తుపెట్టుకోండి, మిగతాది నేను చెప్తాను.

పొద్దున ఆరింటికి గ్యారేజీ తలుపు పైకెత్తడం, కాఫీ కాచుకోవడం, రేడియోలో మొక్కజొన్న ధర వినడం, నిన్న సగంలో వదిలిన బండి కిందికి దూరడం. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆర్లిస్ హోఫర్ పొద్దులన్నీ ఇలాగే మొదలయ్యేవి. మిసిసిపీ నది ఒడ్డున కొండవాలులో కట్టిన ఊరు గ్రేడీ బ్లఫ్. ఎటు వెళ్ళాలన్నా ఎక్కాలి, లేదా దిగాలి. అలాంటి ఊళ్ళో బ్రేకులు చేసే మనిషికి డాక్టరుకున్నంత మర్యాద. ఆర్లిస్ తండ్రి క్లీటస్‌కి ఆ మర్యాద ఉండేది. ఆయన చెయ్యి చాపకముందే ఆర్లిస్ ఆ చేతిలో పానా పెట్టేది. బాగా చేశావని ఆయన ఏనాడూ అనలేదు. బాగా చెయ్యలేదనీ అనలేదు. ఆ రెండోదాన్నే మెచ్చుకోలుగా జమకట్టుకుని ఆమె అన్నేళ్ళూ గడిపేసింది.

చెల్లెలు నొరీన్ ఏడేళ్ళు చిన్నది. కింది వీధిలో ఆడవాళ్ళకి జుట్టు కత్తిరించి రంగు వేసే దుకాణం నడిపేది. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక క్లీటస్ తన 1949 నాటి ముదురాకుపచ్చ కారు బయటికి తీసి, నొరీన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నది వెంట తిప్పుకొచ్చేవాడు. కారు మలుపు తిరిగేదాకా ఆయన నవ్వు కొండ మీదికి వినబడేది. గ్యారేజీలో ఆయన అలా నవ్వగా ఆర్లిస్ ఒక్కసారీ వినలేదు. చిన్నప్పుడు అనుకునేది, పెద్దయ్యాక తననీ తిప్పుతాడని. పెద్దయింది. అరవై ఒకటీ వచ్చాయి.

ఫిబ్రవరిలో క్లీటస్ పోయాడు. వీలునామాలో, గ్యారేజీ, పనిముట్లు ఆర్లిస్‌కి, కారు నొరీన్‌కి అని ఉంది. లాయరు రెండో ముక్క చదివి కాగితం తిప్పేలోగా ఆర్లిస్ కూర్చున్న కుర్చీ కాలు విరిగింది. ఇంకో కుర్చీ వేశారు. అదీ విరిగింది. లాయరు కిటికీ కింది రాతి అరుగు చూపించి, చదవడం కొనసాగించాడు.

అలా మొదలైంది. మనిషి లావెక్కలేదు. అవే బట్టలు, అదే నడుము. బరువు మాత్రం పెరుగుతూ పోయింది. ఏప్రిల్లో ఒకనాడు ధాన్యం లారీలు తూచే కాటా మీద నిలబడితే తొమ్మిది వందల పౌండ్లు చూపించింది. కాటా చూసుకునే డెల్బర్ట్ అద్దాలు పైకి తోసుకుని, తన మేనత్తకంటే ముందు ఆమె చెల్లెలికి పెళ్ళయిన ఏడాది మేనత్త పన్నెండొందలు దాటిందని, మెట్ల దగ్గర కొంచెం చూసుకోమని చెప్పాడు. చర్చిలో ఆమె కూర్చునే బెంచీ కింద ఓక్ దుంగ పెట్టారు. కాఫీ హోటల్లో ఆమెకని ఇనప బల్ల ఒకటి నేలమాళిగలోంచి పైకొచ్చింది. ఆమె పడక గ్యారేజీ సిమెంటు నేల మీదికి మార్చుకుంది. ఊళ్ళో ఎవరూ దాని గురించి గుసగుసలాడలేదు. వానలు ఆలస్యమైన ఏడాది వానల గురించి ఎవరూ గుసగుసలాడరు కదా, ఇదీ అలాగే.

ఆర్లిస్ కాటా ఎక్కిన వారంలోనే నొరీన్ గ్యారేజీకి వచ్చింది. కారు అక్కడే మూడో తలుపు వెనక ఉండిపోయింది. ఆగస్టులో తీపి మొక్కజొన్న పండుగ ఊరేగింపులో దాన్ని నడపాలని ఆమె కోరిక. నాన్న నడపడం మానేశాక బ్రేకులేమో ఏళ్ళ తరబడి కదలక పట్టేశాయి. అడిగితే చేసిపెడదామని ఆర్లిస్ నిలబడింది. అడగనీ, ఒకసారి కాదందాం, రెండోసారి అడిగితే సరే అందాం అని కూడా లెక్క వేసుకుంది.

"నేనే చేసుకుంటానక్కా," అంది నొరీన్. "నాన్న కారు, నా చేత్తో చెయ్యాలనుంది. నీ పనిముట్లు వాడుకోవచ్చా?"

"తీసిన చోట పెట్టు," అంది ఆర్లిస్. ఆ సాయంత్రానికి ఇంకో వంద పౌండ్లు పెరిగింది.

సోమవారాలు జుట్టు దుకాణం మూసి ఉంటుంది. ఆ రోజుల్లో నొరీన్ పాత మరమ్మతు పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చేది. చెడగొడుతుందని ఆర్లిస్ ఎదురుచూసింది. ఎదురుచూడడమేమిటి, ఆశ పడింది. నొరీన్ చెడగొట్టలేదు. డ్రమ్ములు ఊడదీసింది. ఏ స్ప్రింగు ఎక్కడిదో ముందు కాగితం మీద బొమ్మ గీసుకుంది. తుప్పు పట్టిన సిలిండర్ల లోపలి గోడలకు సాన పట్టి, వేలు పెట్టి తడిమి, గుంటలు పడినవి పక్కన పడేసి కొత్తవి తెప్పించింది. అరిగిన షూలకు కొత్త లైనింగు వేయించింది. అన్నిటికంటే కష్టం ఆ షూల స్ప్రింగులు తిరిగి తగిలించడం. మగవాళ్ళు బూతులు తిట్టుకుంటూ వేళ్ళు చితక్కొట్టుకునే పని అది. ముప్ఫై ఏళ్ళు జుట్టుకి క్లిప్పులు పెట్టిన నొరీన్ వేళ్ళు దాన్ని ఒక్క మెలికతో తగిలించేశాయి.

డెల్బర్టూ, ఇంకో ఇద్దరు ముసలాళ్ళూ మడత కుర్చీలు తెచ్చుకుని మరీ చూసేవాళ్ళు. "అచ్చం క్లీటస్ చేతులే," అన్నాడు డెల్బర్ట్ ఒకరోజు. పక్క బండి కింద పడుకుని ఉన్న ఆర్లిస్ వీపు కింద సిమెంటు నేల నెర్రె విచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. ఆమె చేతులు క్లీటస్‌వే అని అందరికీ తెలుసు కాబట్టి అనలేదేమో. కానీ అసూయపడే మనిషికి అటువైపు ఆలోచన తట్టదు.

ఊరేగింపు శనివారం. పండుగ దగ్గరపడిందని ఆ వారం నొరీన్ దుకాణం నుంచి ఆప్రాన్‌తోనే వచ్చేసేది. బుధవారం మధ్యాహ్నానికి మూడు చక్రాలు అయిపోయాయి, ముందు ఎడమ చక్రం మిగిలింది. సిలిండరులోకి రబ్బరు కప్పులు పొడిగా తోస్తే అంచులు నలుగుతాయి, కాబట్టి దేంతోనైనా తడపాలి. మిగతా మూడు చక్రాలకీ నొరీన్ గొట్టాల్లో పోసే బ్రేక్ ఆయిల్‌తోనే తడిపింది. ఆ రోజు డబ్బా అడుగంటింది. ఉన్న కాస్తా గొట్టాలు నింపడానికి కావాలి.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. బ్రేక్ ఆయిల్ అని పిలుస్తాం గాని అందులో నూనె చుక్క ఉండదు. ఆ రబ్బరుకి నూనె జాతిది ఏదీ పడదు. ఇంజను ఆయిలు గాని, గ్రీజు గాని తగిలిందా, రెండు మూడు రోజుల్లో ఉబ్బి, మెత్తబడి, చిరిగిపోతుంది. ఈ పని చేసేవాళ్ళెవరూ ఆ పొరపాటు చెయ్యరు. నొరీన్ పని అది కాదు. జుట్టుకి రంగు వేసేటప్పుడు నుదుటికి అంటకుండా రాసే పెట్రోలియం జెల్లీ ఆమె ఆప్రాన్ జేబులో ఎప్పుడూ ఉంటుంది. మూత తీసి, చూపుడువేలితో కొంచెం తీసి, కప్పు చుట్టూ శుభ్రంగా రాసింది. కప్పు సుతారంగా లోపలికి జారింది. నొరీన్ తనలో తాను నవ్వుకుంది.

ఆర్లిస్ చూసింది. నాలుగు అడుగుల దూరంలో, చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడి, మొదటినుంచి చివరిదాకా చూసింది. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే నొరీన్ ఏదో పాట సన్నగా కూనిరాగం తీసింది, నాన్న గొంతులో ఉండే ఆ జీరతో. ఆర్లిస్ నోరు మూసుకుంది.

తర్వాత గొట్టాల్లోంచి గాలి తీయాలి. బుడగ ఒక్కటి మిగిలినా పెడల్ స్పంజిలా దిగిపోతుంది. దానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి, ఒకరు చక్రం దగ్గర చిన్న నట్టు వదులు చేసి బిగించాలి. నొరీన్ అడిగింది. కారు కింద ఇంకో రెండు ఇనప స్టాండ్లు పెట్టి, సీటు మీద పలక వేసి, అక్కని కూర్చోమంది. ఆర్లిస్ జీవితంలో మొదటిసారి ఆ స్టీరింగు వెనక కూర్చుంది.

"నొక్కు," అంది నొరీన్ కిందినుంచి.

"నొక్కాను."

"వదులు."

"వదిలాను."

నాలుగు చక్రాలకీ కలిపి ఒక గంట. ఆ గంటలో ఆ రెండు మాటలు తప్ప ఆర్లిస్ మూడో మాట అనలేదు. దిగి వెళ్ళి కాటా మీద నిలబడింది. మూడు వేల తొమ్మిది వందలు. ఆ కారు బరువు మూడు వేల మూడు వందలు.

"కారుని దాటేశావు," అన్నాడు డెల్బర్ట్, వాతావరణం చెప్పినట్టు.

గురువారం నొరీన్ కారుని పై వీధిలో, చదును మీద నడిపి చూసింది. బ్రేకు వేస్తే వేలితో ఆపినట్టు ఆగింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. రబ్బరు ఉబ్బడానికి ఇంకా సమయం ఉంది. ఆ సంగతి తెలిసింది ఒక్క ఆర్లిస్‌కే. చెప్దామని గురువారం సాయంత్రం చెల్లెలి ఇంటిదాకా నడిచింది. కిటికీలోంచి చూస్తే నొరీన్ నాన్న టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. ఆర్లిస్ వెనక్కి తిరిగింది. శుక్రవారం బయల్దేరలేదు కూడా.

శనివారం పదింటికి మేళం మొదలైన చప్పుడు వినబడ్డాక ఇంక ఉండలేకపోయింది. లేచి పరిగెత్తింది. మూడు వేల తొమ్మిది వందల పౌండ్ల మనిషి పరుగు ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆమె వెళ్ళిన దారిలో కాలిబాట పలకలు ఇప్పటికీ బీటలు వారే ఉన్నాయి. ఆమె కొండ వీధి మధ్యకి చేరేసరికి హైస్కూలు బ్యాండు పిల్లలు నలభై మంది వాయించుకుంటూ కిందికి దిగుతున్నారు. వాళ్ళ వెనక ఆకుపచ్చ కారు. వీధికి రెండు పక్కలా జనం కుర్చీలు వేసుకుని, ఒళ్ళో పిల్లల్ని పెట్టుకుని కూర్చున్నారు. కారు ముందు ఎడమ చక్రం నుంచి కాలిన వాసన. దాని కింద తారు మీద తడి గీత.

ఆర్లిస్ బ్యాండుకీ కారుకీ మధ్యకి వెళ్ళి నిలబడి చెయ్యెత్తింది. నొరీన్ పెడల్ తొక్కింది. పెడల్ నేలకి అంటుకుపోయింది. ఆ రోజుల్లో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే దారి, పిల్లలూ. ఒక్కచోట చిరిగి కారిపోతే నాలుగూ పోతాయి. చేతిబ్రేకు తీగ ఎప్పుడో తెగింది, పండుగయ్యాక చూద్దామనుకున్నారు. గాబరాలో గేరు లాగబోతే కర్ర రెండు గేర్ల మధ్య ఇరుక్కుని ఎటూ రాలేదు. ఎటు తిప్పినా జనం. కారు వేగం అందుకోసాగింది.

ఆర్లిస్ వెనక్కి తిరిగి, వీపుని కారు ముందు బంపరుకి ఆనించి, మడమలు తన్నిపెట్టింది. కారు ఆమెను తాకి, చర్చి గోడకి ఆనుకున్నట్టు ఆగింది. బంపరు లోపలికి వంగింది. కింద బ్యాండు పిల్లలకి ఏమీ తెలియదు. వాయించుకుంటూ వెళ్ళిపోయారు.

చక్రాల కింద దుంగలు పెట్టాలి. దుంగలు అగ్నిమాపక బండిలో ఉన్నాయి, బండి నది దగ్గర ఉంది. డెల్బర్ట్ ఇద్దరు కుర్రవాళ్ళని పంపాడు. నలుగురైదుగురు మగవాళ్ళు వచ్చి కారుకి చేతులు ఆనించారు గాని, ఆపుతున్నది ఎవరో వాళ్ళకి తెలుసు.

నొరీన్ కిటికీలోంచి తల బయటపెట్టి ఏడుస్తోంది. "అక్కా, నీకేమన్నా అయితే నేను బతకలేను. ఈ కారు నాకొద్దు. నువ్వే తీసుకో. అసలు నీకే రావాల్సింది."

ఆ మాట ఎంత కాలంగా వినాలనుకుందో. ఆర్లిస్ గుండెలో ఏదో కరిగింది. అంతే, బంపరు ఆమెని ఒక గజం కిందికి నెట్టేసింది. మడమలు తారు మీద గీరుకుపోయాయి. చేతులు ఆనించిన మగవాళ్ళు తూలారు.

"నొరీన్, నోరు ముయ్యి," అంది ఆర్లిస్ పళ్ళ బిగువున. "ఇప్పుడు నాతో మంచిగా ఉండకు."

"అయ్యో, అదేంటక్కా?"

"ఉండకన్నానా. ఆదివారాలు నాన్న నిన్ను తిప్పేవాడే, ఏం చేసేవాళ్ళు మీరు? అది చెప్పు."

నొరీన్ ఒక్క క్షణం అక్క వీపు వైపు చూసింది. ఆమె మందమతి కాదు. ముక్కు తుడుచుకుని, గొంతు సవరించుకుంది. "నీకెందుకు చెప్పాలి? అవి నావి," అంది. "ఐస్‌క్రీం కొనిపెట్టేవాడు. రెండు ముద్దలు. అక్కకి ఒకటి తీసుకెళ్దామా అనడిగితే, కరిగిపోతుంది, వద్దులే అనేవాడు."

కారు నెమ్మదించింది.

"ఇంకా."

"స్టీరింగు పట్టుకోనిచ్చేవాడు. తొమ్మిదేళ్ళప్పుడే. పాట పాడేవాడు. వాళ్ళమ్మ నేర్పిన జర్మన్ పాట, ఆరు చరణాలు. నాకు తప్ప ప్రపంచంలో ఎవరికీ రాదు."

"ఆరు చరణాలా?"

"ఆరు. నీకు ఒక్కటి కూడా పాడలేదు కదూ? ఎందుకు పాడతాడు, నీ చేతులెప్పుడూ గ్రీజు కంపు. డెల్బర్ట్ నన్నే కదా అన్నాడు, నాన్న చేతులని. నాలుగు నెలల్లో నేర్చుకున్నాను నేను. నీకెన్నేళ్ళు పట్టింది?"

ఆర్లిస్ మడమలు తారు పగలగొట్టుకుని కింది ఇటుకల దాకా దిగాయి. కారు నిలబడిపోయింది. చెల్లెలు ఏడుస్తూనే ఒక్కొక్కటీ విసురుతోంది, అక్క ఒక్కొక్కటీ గుండెలోకి తీసుకుని దాచుకుంటోంది. పక్కన కుర్చీల్లో ఉన్నవాళ్ళు తలలు వంచుకుని చేతిలోని మొక్కజొన్న కండెల వైపు చూసుకున్నారు. కుర్రవాళ్ళు దుంగలు మోసుకొచ్చేదాకా, పదకొండు నిమిషాలు, అలాగే సాగింది.

నాలుగు చక్రాల కిందా దుంగలు దిగ్గొట్టాక డెల్బర్ట్ "అయింది" అన్నాడు. ఆర్లిస్ గుంటలోంచి కాళ్ళు పీక్కుని, కారు చుట్టూ తిరిగి కిటికీ దగ్గరికి వచ్చింది.

"బుధవారం చూశాను," అంది. "ఆ జెల్లీ. రబ్బరుకి పడదని తెలుసు. చెప్పలేదు."

నొరీన్ కింద నలభై మంది పిల్లలు వెళ్ళిన వైపు చూసింది. తలుపు తీసుకుని దిగి, అక్క వైపు తిరగకుండా ఇంటికి నడిచి వెళ్ళిపోయింది.

సోమవారం ఆర్లిస్ కాటా మీద నిలబడితే నూట నలభై ఆరు. అంతకుముందు ఎప్పుడూ నూట నలభై ఉండేది. ఆ ఆరు పౌండ్లూ తర్వాత ఎన్నడూ పోలేదు. నొరీన్ దుకాణంలో మాత్రం తర్వాతి మూడు వారాల్లో గుండ్రంగా తిరిగే కుర్చీ రెండుసార్లు విరిగింది. మెట్ల కింద ఎవరో తెచ్చి ఓక్ దుంగ పెట్టి వెళ్ళారు.

సెప్టెంబరు మొదటి సోమవారం నొరీన్ గ్యారేజీకి వచ్చింది, నడిచిన చోటల్లా నేల అదురుతూ. ఆర్లిస్ అప్పటికే నాలుగు డ్రమ్ములూ ఊడదీసి ఉంచింది. జెల్లీ తగిలింది ఒక్క చక్రానికే అయినా నమ్మడానికి లేదు, గొట్టాలన్నీ స్పిరిట్‌తో కడగాలి, ప్రతి రబ్బరు ముక్కా మార్చాలి. ఉబ్బి పుట్టగొడుగులా తయారైన కప్పుని ఆమె బల్ల మీద కనబడేలా పెట్టింది. నొరీన్ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"అప్పుడే నోరు తెరిచి ఉంటే ఒక్క మాట," అంది.

"ఒక్క మాటే," అంది ఆర్లిస్.

ఆర్లిస్ చూపించింది, నొరీన్ చేసింది. కొన్నిసార్లు ఆర్లిస్ చెయ్యబోతే నొరీన్ ఆమె చెయ్యి పక్కకి తోసింది. గాలి తీసేటప్పుడు ఈసారి నొరీనే పెడల్ దగ్గర కూర్చుంది. మూడో చక్రం దాకా వచ్చేసరికి కింద స్టాండ్లు కిర్రుమనడం మానేశాయి.

కారు ఆర్లిస్‌కి ఇవ్వలేదు నొరీన్. ఆర్లిసూ అడగలేదు. ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఇద్దరూ నది వెంట వెళ్ళేవాళ్ళు. నొరీన్ నడిపేది. ఆర్లిస్ పక్క సీట్లో కూర్చుని బ్రేకు చప్పుడు వింటూ తప్పులు పట్టేది. కొండ మీదినుంచి చూసేవాళ్ళకి కారు ఆర్లిస్ వైపు కొంచెం ఒరిగి కనబడేది. ఆరు పౌండ్లకి అంత ఒరగకూడదు. కానీ ఒరిగేది, మరి.

సరే, లేవండి ఇంక. వెనక వరండాలో బుట్టెడు కండెలు సగం ఒలిచి వదిలేసి వచ్చాను, ఎండ అటు తిరిగేలోగా అవి పూర్తి చేసుకోవాలి.